టీచర్ పెట్టిన పేరు

మా సోషల్ టీచర్ పోయింది. ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, నాతో చదువుకున్న ఒకామె రోడ్డు దాటి వచ్చి మరీ ఆ మాట చెప్పింది. షుగర్ ముదిరి మొదట పాదం తీసేశారట, తర్వాత మోకాలి దాకా తీశారట, అయినా ఆగలేదట. బోర్డు ముందు పొద్దస్తమానం నిలబడి, పాఠం రానివాళ్లను తనతోపాటు నిలబెట్టిన మనిషి మంచంలోనే పోయింది. విన్నాక నాకు వెంటనే ఏడుపు రాలేదు. భుజం మీద చురుక్కుమంది. ఆమె గిల్లేది అక్కడే.

పోయినవాళ్ల గురించి రాసేవాళ్లు ముందు వాళ్ల మొహం కడిగి, పౌడరు రాసి కూర్చోబెడతారు. మా టీచర్‌కు పౌడరంటే పడదు కాబట్టి నేనా పని చెయ్యను. ఆమె కఠినురాలు. నాకు చదువబ్బిందంటే ఆమె చేతి చలవే, నా భుజం మీద మచ్చ కూడా ఆ చేతిదే.

జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి బిడ్డ. పెళ్లి చేసుకోలేదు. నాచారంలో చర్చి వెనకున్న మా రేకుల బడే ఆమె సంసారం. చేతికి మగవాళ్ల గడియారం పెట్టుకునేది. సుద్దముక్క వేళ్లకు దొరకనంత అరిగేదాకా పారేసేది కాదు. ఆమెకొక పిచ్చి ఉండేది. బడిలో చేరడానికి వచ్చిన పిల్లల పేరు నచ్చకపోతే అక్కడికక్కడే మార్చేసేది. ఎల్లమ్మ వస్తే వనజ అయ్యేది, మల్లయ్య వస్తే మహేశ్ అయ్యేవాడు. పేరు బాగుంటే పిల్ల బెంచీ మీద నిటారుగా కూర్చుంటుందని ఆమె నమ్మకం.

నా పక్కన కూర్చునే స్వరూప అసలు పేరు పెంటమ్మ. ముందు పుట్టినవాళ్లు పురిట్లోనే పోయాక నిలిచిన పిల్ల. అలాంటి పిల్లను మా వైపు పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, ఎత్తుకొచ్చి, ఆ పేరే పెడతారు. ఇదేదో చెత్త, మనకెందుకులే అని చావు చూడకుండా పోవాలని. టీచర్ ఆ పేరు వినగానే మొహం చిట్లించి, స్వరూప అని రాసుకుంది. వాళ్లమ్మ కూడా అప్పుడు మురిసిపోయింది. స్వరూప నర్సు అవుతానని చెప్పేది. కాగితంతో టోపీ చేసి పెట్టుకుని మా నాడి పట్టుకునేది. క్లాసులో ఆ పిల్లంటే ఇష్టం లేనివాళ్లు లేరు.

ఎనభైల చివర్లో, మేము ఏడో తరగతిలో ఉండగా, టీచర్ మాకు యుద్ధం మీద సినిమా చూపిస్తానంది. చర్చికి వచ్చిన విదేశీ అతిథులెవరో వదిలి వెళ్లిన వీడియో క్యాసెట్ అది. ఆ రోజుల్లో టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చారంటే ఏ ఇంట్లోనో పెళ్లి జరుగుతున్నట్టు లెక్క. ఉప్పల్ నుంచి రిక్షాలో బొంత చుట్టి తెచ్చారు. యుద్ధమంటే మాకు తెలిసింది ఫైటింగే. 'టీచర్ ఫైటింగ్ పిక్చర్ ఏస్తున్నదట' అని బస్తీ అంతా పాకింది. బడి మొహం చూడని పిల్లలు కూడా వచ్చి చర్చి హాల్లో చాపల మీద కూర్చున్నారు. బాంబు పడగానే ఈలలు వేశాం.

తర్వాత ఎంత చూసినా హీరో రాలేదు. అంతా పిల్లలే. ఏ దేశమో మాకు తెలియదు. కూలిన గోడల మధ్య గోళీలాడుతున్నారు, విమానం చప్పుడు వినగానే బల్లల కింద దూరుతున్నారు. మా వయసు పిల్ల ఒకతి డబ్బాతో నీళ్లు పట్టుకుని, తుపాకులు పేలే వీధిని వంగి పరుగెత్తి దాటుతోంది. ఆ పరుగు బాతు నడకలా ఉందని మేమంతా పగలబడి నవ్వాం.

టీచర్ బొమ్మ ఆపింది. ఆ పిల్ల తెర మీద వణుకుతూ నిలిచిపోయింది.

"ఎవలు నవ్విన్రు?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే, "పేరు తెల్వనోళ్ల బాధ మీకు తమాషాగుంటది" అంది. ఇంగ్లీషులో వస్తున్న మాటల్లో ఆ పిల్లల పేర్లు లేవు. అందుకని తనే పెట్టింది, మా పేర్లే. గోళీలాడేవాడు మహేశ్ అన్నది. బల్ల కింద దూరింది వనజ అన్నది. నీళ్ల డబ్బా పిల్ల స్వరూప అన్నది.

నవ్వులు ఆగిపోయాయి. మా స్వరూప సిగ్గుపడి లేని కొంగును భుజం మీద సర్దుకుంది. బొమ్మ మళ్లీ కదిలాక మేము మోకాళ్ల మీద లేచి "స్వరూపా, ఉరుకు" అని అరిచాం. ఆ పిల్ల వీధి దాటినప్పుడల్లా చప్పట్లు కొట్టాం. చివర్లో డబ్బా ఒక్కటే రోడ్డు మీద కనిపించింది. మూత ఊడి నీళ్లు పారుతున్నాయి. ఎవరో ఏదో దుప్పట్లో చుట్టి మోసుకుపోతున్నారు. మేమంతా టీచర్ నోటి వైపు చూశాం.

"స్వరూప సచ్చిపోయింది" అంది టీచర్.

ఆ క్యాసెట్ ఆమె ముందే పాస్టర్ గారింట్లో చూసింది. ఏ పిల్ల పోతుందో తెలిసే ఆ పేరు ఎంచుకుంది. మాకు ఇష్టమైన పేరు కాకపోతే మాకు నొప్పి తగలదని ఆమె లెక్క. లెక్క సరిపోయింది. హాలంతా ఏడ్చింది. మా స్వరూప మాత్రం ఏడవకుండా తన చేతులు తడుముకుని చూసుకుంది. నాకు ఇప్పటికీ ఆ చేతులే గుర్తు.

మర్నాడు ప్రార్థన వేళకు స్వరూప వాళ్లమ్మ వచ్చింది. బడంతా చూస్తుండగా టీచర్‌ను నిలదీసింది.

"పెంటమ్మ అంటే సావు మొకం తిప్పుకొని పోతదని పెట్టుకున్న. నువ్వు మంచి పేరు పెట్టి, సావుకు దీపం పట్టి మరీ సూపిచ్చినవ్. అదే నోటితోని నా బిడ్డ బతికున్నదని చెప్పు. ఆ సచ్చినదానికి ఇంకో పేరు పెట్టు."

టీచర్ ఒక్క మాట తగ్గి ఉంటే అయిపోయేది. ఆమెకు తగ్గడం రాదు.

"పెడత. ఎవల బిడ్డ పేరు పెట్టాల్నో నువ్వే చెప్పు."

స్వరూప వాళ్లమ్మ మా వైపు తిరిగి ఒక్కొక్కరి మొహమే చూసింది. ఎక్కడ మా పేరు వస్తుందోనని మేమంతా తలలు దించుకున్నాం. ఆమె ఏ పేరూ చెప్పలేకపోయింది. కూతురి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. మళ్లీ బడికి పంపలేదు.

టీచర్ వాళ్లింటికి వెళ్లింది. తలుపు తియ్యకపోతే గడప ముందు కూర్చుంది. ఈసారి తగ్గి బతిమాలింది, పిల్లను నర్సు చదివించే బాధ్యత తనదని తలుపుతో చెప్పింది. ఆ ఎండాకాలానికి స్వరూప నాచారం ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో అట్టపెట్టెలు అతికించే పనికి కుదిరింది. టిఫిన్ డబ్బా పట్టుకుని మా బడి గేటు ముందు నుంచే పోయేది. టీచర్ కిటికీ దగ్గర నిలబడేది. ఆ పిల్ల తల తిప్పేది కాదు.

అయినా మాకు ఆ ఏడంతా హాజరు పిలుపులో ఆ పేరు వినపడేది. "స్వరూప" అని పిలిచి, టీచర్ తలుపు వైపు చూసి ఆగేది. "ఆబ్సెంట్" అని తనే అనుకుని ముందుకు పోయేది. అంత చిన్న మాటకు రోజూ నేను పక్కనున్న ఖాళీ జాగా కనపడకుండా తల తిప్పుకునేదాన్ని. టీచర్‌ను అసహ్యించుకున్నాను. ఇవాళ టీవీ వార్తల్లో ఏ దేశంలో ఊరు తగలబడినా, గోడ పక్కన నిలబడ్డ పిల్లలకు నాకు తెలియకుండానే పేర్లు పెడతాను. పెట్టాక అన్నం సహించదు. ఈ పాడు అలవాటు ఆమె ఇచ్చి పోయిందే. ఇది లేకపోతే నేనెంత మొద్దుగా బతికేదాన్నో తెలుసు కాబట్టి, ఆమెకు రుణపడి ఉన్నాను.

టీచర్‌ను మట్టిచేసే రోజు సమాధుల తోటకు స్వరూప వచ్చింది. ఒంటి మీద కంపెనీ నీలం కోటు అలాగే ఉంది. ప్రార్థన అయ్యాక అందరం వరసగా పిడికెడు మన్ను వేశాం. ఆమె కూడా వంగి మన్ను తీసుకుంది. గుంత అంచున నిలబడింది. పాస్టర్ గారు ఆగారు, వెనక వాళ్లు ఆగారు. ఆమె మన్ను వెయ్యకుండానే పక్కకు తప్పుకుని బయటికి నడిచింది.

వెంటపడి "స్వరూపా" అని పిలిచాను. తిరగలేదు. మళ్లీ పిలిస్తే ఆగింది.

"స్వరూప టీవీల సచ్చిపోయింది గదనే. నేను పెంటమ్మను. గందుకే ఇంకా బతికున్న."

గొంతులో కోపం లేదు, ఉంటే నాకు బాగుండేది. షిఫ్టుకు టైమైందని చెప్పి, రోడ్డెక్కి, ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ల గుంపులో కలిసింది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా ఊగుతోంది. రెండో చేతి పిడికిలి ఇంకా విప్పలేదు.