దానం తెచ్చే పళ్లెం

అరబ్బు దేశంలోని యాన్బులో, రిఫైనరీ కాంట్రాక్టు కార్మికుల క్యాంపులో దానం పైపు ఫిట్టరు. నరసాపురం దగ్గర ఊళ్లో వాళ్ల నాన్న చర్చి గంట కొట్టేవాడు తప్ప ఏనాడూ ప్రసంగం చేసినవాడు కాదు. అయినా క్యాంపులో తెలుగువాళ్లందరూ దానాన్ని పాస్టరుని పిలిచినట్టు "అయ్యగారూ" అనేవారు, సగం ఎగతాళిగా, సగం నిజంగానే. ఆ దేశంలో చర్చీ లేదు, పాస్టరూ రాడు. క్రేను చెడిపోతే కంపెనీ గంటలో మనిషిని పంపేది. మనిషి చెడిపోతే పంపడానికి దాని దగ్గర ఎవరూ లేరు. అందుకే ఆ పని దానం నెత్తిన పడింది.

ఇంటి దగ్గర ఎవరైనా పోతే ఆ కబురు ముందు దానం ఫోనుకి వచ్చేది. అతను మెస్సుకి వెళ్లి పళ్లెంలో అన్నం, పప్పు పెట్టించుకుని ఆ మనిషి గదికి పట్టుకెళ్లేవాడు. "ముందు తినండి," అనేవాడు. కబురు విన్నాక రెండు రోజులు ముద్ద దిగదని అతనికి తెలుసు. తిన్నాక చెప్పి, పక్కన కూర్చునేవాడు. క్రైస్తవుడైతే తలుపు వేసి సన్నటి గొంతుతో ప్రార్థన చేసేవాడు, కాకపోతే ఊరికే కూర్చునేవాడు.

కొన్నాళ్లకి ఆ పళ్లెం సంగతి క్యాంపంతా పాకిపోయింది. ఓ క్రిస్మస్‌కి సరదాపడి బిర్యానీ వండి పక్క గదికి తీసుకెళితే, అక్కడున్న స్టాన్లీ "నాకొద్దండి, నాకొద్దు" అంటూ బాత్‌రూములో దూరి గడియ పెట్టుకున్నాడు. బిర్యానీ చల్లారిపోయింది గానీ స్టాన్లీ బయటికి రాలేదు.

వెల్డరు యిర్మీయా అలా పారిపోలేదు. తల్లి పోయిననాడు పళ్లెం చూడగానే గ్రహించాడు. ఒక్కో మెతుకూ ఏరుకుంటూ తిన్నాడు. చివర్లో "పెరుగేవైనా ఉందాండీ అయ్యగారూ?" అన్నాడు. ఇలాంటప్పుడు పెరుగేమిటని దానం లోలోపల విసుక్కుంటూనే తెచ్చిపెట్టాడు.

మొదట్లో దానం వాళ్లతోపాటు ఏడ్చేవాడు. రానురాను ఏడుపు రావడం మానేసింది. చావు కబురు చెప్పివచ్చి, చేతులు కడుక్కుని పడుకుంటే నిద్ర పట్టేసేది. అందుకు సిగ్గు కూడా కలిగేది కాదు.

2006 వేసవిలో, కాకినాడ ఆసుపత్రిలో భార్య వరమ్మకి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. దానం సెలవడిగాడు. రిఫైనరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని నడుస్తోంది, అది అయ్యాకే ఇంటికెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా అన్నాడు క్యాంపు బాసు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. దానం తల ఊపి వచ్చేశాడు.

ఆపరేషన్ రోజున కూడా డ్యూటీకి వెళ్లాడు. రిఫైనరీ లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి గదిలోనే వదిలి వెళ్లాడు. సాయంత్రం వచ్చి చూసుకుంటే ఒక్క మిస్డ్ కాలూ లేదు. హమ్మయ్య అనుకున్నాడు. చెడ్డ కబురైతే, ఎవరిదైనా సరే, వచ్చేది తన ఫోనుకే కదా.

స్నానం చేసి వచ్చేసరికి గదిలో ఖాదర్ మొహిద్దీన్ నిలబడి ఉన్నాడు. కడపవాడు, క్యాంపు బస్సు డ్రైవరు, ఏళ్ల తరబడి ఆ గదిలో దానంతోపాటే ఉంటున్నవాడు. అతని చేతిలో పళ్లెం ఉంది.

"ముందు తినన్నా," అన్నాడు.

దానం తువ్వాలు తీగ మీద ఆరేశాడు. మడతల్లేకుండా సరిచేశాడు.

"ఎవరు చేసేరు ఫోను?"

"మీ పాప, కీర్తన. నాయన తిన్నంకనే చెప్పమనింది."

చావు కబురు ఎవరికి ఎలా చెప్పాడో దానం ప్రతిసారీ ఫోన్లో కూతురికి చెప్పుకునేవాడు. ఆ పిల్ల బాగానే నేర్చుకుంది.

దానం మంచం మీద కూర్చుని అన్నం కలిపాడు. మొదటి ముద్ద దిగింది. రెండోదీ దిగింది. ఖాదర్ నేలవైపు చూస్తున్నాడు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా అతను నోరు విప్పడు. విప్పేదాకా వరమ్మ కాకినాడలో, ఆసుపత్రి మంచం మీద, బతికే ఉంది. దానం ఒక్కో మెతుకూ ఏరుకుని తిన్నాడు. ఎంత మెల్లగా తిన్నా పళ్లెం అడుగు కనిపిస్తూనే ఉంది.

"పెరుగేవైనా ఉందా, ఖాదరూ?" అన్నాడు.