నిండు తొట్టి మీద తీసిన కొలత

గుండుగొలను నుంచి కొల్లేరు దాకా చేపల చెరువులున్న రైతులంతా నిత్యానందం గారి బండిని దూరం నుంచే గుర్తుపడతారు. తెల్ల పికప్, వెనక నీలం ఫైబర్ తొట్టి, దాని పక్కన నిలువుగా కట్టిన ఆక్సిజన్ సిలిండరు. మిగతా బండ్లకన్నా అది రెండంగుళాలు ఎత్తు. ఆయన చదివింది ఏడో తరగతి, అదీ ఊళ్ళో మిషన్ బడిలో. అయితేనేం, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అత్తిలి హేచరీ నుంచి చేపపిల్లను బతికుండగా చెరువులకు చేరుస్తున్నారు. "మూడు తుఫానుల్లో తోలానండీ. గట్టు తెగిన ఏడాది నడుంలోతు నీళ్ళలో బిందెలతో మోసి దింపాను. నా చేతిమీదుగా ఒక్క లోడు పోయిందని ఎవర్నైనా చెప్పమనండి చూద్దాం" అని టీ కొట్టు దగ్గర కొత్త మనిషి కనబడితే చాలు, మొదలుపెడతారు. చెప్పేదంతా నిజమే కాబట్టి ఎవరూ కాదనరు.

ఆ లెక్కలో సగం పని ఆయన భార్య సత్యవతిది. దారిలో గంటకోసారి బండి ఆపిస్తుంది. తొట్టి మూత తీసి, మోచేతి దాకా నీళ్ళలో పెట్టి చూస్తుంది. చేపపిల్ల వేళ్ళ చుట్టూ తిరిగితే సరే, పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే గాలి పెంచమంటుంది. ఆ చెయ్యి లేకుండా ఆయన ఎన్నడూ లోడెత్తలేదు.

అలాంటి సత్యవతి పోయిన శుక్రవారం నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు.

గట్ల మీద గాడులు లోతై ఇరుసు నేలకు తగులుతోందని ఆయన వేసవిలో వెనక కమాను కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించి బండి ఎత్తించారు. బండి ఊపును పట్టి ఆపే షాకులు మాత్రం పాతవే ఉంచేశారు. ఆ శుక్రవారం చెరువు మలుపులో తొట్టిలో నీళ్ళు ఒక పక్కకు వెళ్ళి, మళ్ళీ రెండో పక్కకు విసురుగా వచ్చాయి. వాటితోపాటే బండీ ఊగింది. ఎడమ చక్రం కింద గట్టు మట్టి జారి నీళ్ళలో పడిన చప్పుడు ఇద్దరూ విన్నారు. సత్యవతి భుజం తలుపుకు కొట్టుకుని కమిలిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె ఒక్కటే మాట అంది. "ఏవండీ, నాకు ఈత రాదు. ఇంకొక్కసారి ఎక్కుతాను. అప్పుడూ ఇలాగే ఊగిందా, మీ బండీ మీరూనూ."

ఆ రాత్రి ఆయనకు కన్ను మూతపడలేదు. మూడో రోజుకల్లా బండి తాడేపల్లిగూడెంలో మణిదీప్ షెడ్డు ముందుంది. మణిదీప్‌కు ముప్ఫై అయిదేళ్ళుంటాయి, పని తెలిసినవాడు. పాత షాకు విప్పి నేల మీద నిలబెట్టి అరచేత్తో నొక్కాడు. రాడ్డు అడ్డూ ఆపూ లేకుండా లోపలికి దిగిపోయింది.

"చూశారా బాబాయ్ గారూ, ఇది ఎప్పుడో పోయింది. దీన్ని నమ్ముకునేనా పిన్ని గార్ని గట్టెక్కించారు?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళ నుంచి ఎక్కిస్తున్నానయ్యా."

"అందుకేనేమో, ఎదురు తిరగడం మర్చిపోయింది!"

నిత్యానందం గారు నవ్వలేదు. బల్ల మీద రెండు రకాలున్నాయి. నూనెతో పనిచేసేవి మెత్తగా ఉంటాయి గానీ గతుకుల్లో గంట తిరిగేసరికి వేడెక్కి పట్టు వదులుతాయట. గ్యాసు నింపినవి పట్టు వదలవు, కాస్త గట్టివి. గట్టివి వేస్తే పిల్ల అదిరి చస్తుందేమో, మెత్తవి వేస్తే సత్యవతి దిగిపోతుందేమో. ఒకటి ఎత్తి, దించి, రెండోది ఎత్తి, మళ్ళీ దించారు.

"గ్యాసువే వేయించండి. నీళ్ళు ఊగడం ఆగితేనే పిల్లకి మంచిది" అన్నాడు మణిదీప్. "పొడవు తేలాలి. తొట్టిలో నీళ్ళు వదిలేయండి. ఖాళీ బండిని జాకీ మీద లేపి, చక్రం వేలాడేసి కొలుద్దాం."

"నీళ్ళు వదలటమేంటి? ఎనిమిది రోజులు మాగబెట్టిన చెరువు నీళ్ళవి. కుళాయి నీళ్ళు పోస్తే పిల్ల పొద్దుటికి తెల్లబడి తేలుతుంది. రేపు మల్లికార్జునరావు గారి చెరువుకి లోడుంది. కొలత నేనే తీసుకొచ్చాను, ఇదిగో." జేబులోంచి కాగితం తీశారు. పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా పదహారంగుళాలు.

"ఇది నిండు తొట్టి మీద తీసింది కదండీ. బరువు దిగితే బండి పైకి లేస్తుంది, షాకు సాగాలి. ఈ కొలతకి నా దగ్గరున్నవి పంతొమ్మిది దాకానే సాగుతాయి. పొడవైనవి ఏలూరు నుంచి ఎల్లుండికి తెప్పిస్తాను."

"నా బండి నీళ్ళు లేకుండా ఎప్పుడు తిరిగిందయ్యా? పిల్లను వలతో తీసి దింపుతాను, నీళ్ళు వెనక్కి తెచ్చుకుంటాను. నువ్వు నిక్కర్లేసుకున్నప్పటి నుంచీ అదే పద్ధతి."

మణిదీప్ ఒక్క క్షణం ఆయన మొహం చూశాడు. "సరేనండి. నీళ్ళు ఉంచుతానంటేనే ఇవి. గుర్తుంచుకోండి." బోల్టులు వదులుగా పెట్టి, బండి నేల మీద ఆనాకే బిగించాడు. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్షు మెలిపడి నెలకే చిరుగుతుందన్నాడు. ఆ జాగ్రత్త నిత్యానందం గారికి నచ్చింది. మిగతా మాట చెవికెక్కలేదు.

మర్నాడు అత్తిలిలో వేలెడంత పిల్ల ఎత్తారు. హైవే మీద భీమడోలు దాటేలోపే సత్యవతిని ఆయన రెండుసార్లు "ఎలా ఉంది?" అని అడిగారు. "గట్టు రానివ్వండి" అంది.

గట్టు వచ్చింది. ఇటు చెరువు, అటు చెరువు, మధ్యలో బండి పట్టేంత మట్టి. శుక్రవారం నాటి మలుపు దగ్గర గేరు తగ్గించారు. నీళ్ళు ఒక పక్కకు వెళ్ళాయి. బండి ఒంగింది, ఒంగినచోటే ఆగింది, నింపాదిగా నిలబడింది. అంతే. సత్యవతి మెల్లగా ఊపిరి వదిలింది. ఆయన విన్నారు గానీ అటు చూడలేదు.

చెరువు దగ్గర మల్లికార్జునరావు గారు తొట్టిలోకి తొంగిచూసి, "ఒక్కటీ తేల్లేదే!" అన్నారు. "ఈసారి వల వద్దు నిత్యానందం గారూ. పోయినసారి పొలుసు రాలి కొన్ని పోయాయి. పైపు పెట్టి నీళ్ళతో సహా వదిలేద్దాం. మీకు మాగిన నీళ్ళే కదా కావాలి, రేపు నా మోటారుతో పట్టిస్తాను."

మరో రోజైతే ఆయన ఒప్పుకునేవారు కాదు. ఆ రోజు మనసు తేలిగ్గా ఉంది. "కానివ్వండి" అన్నారు. పిల్ల వెండి తాడులా పైపులోంచి చెరువులోకి జారింది. తొట్టి ఖాళీ అయింది. బండి వెనక భాగం ఎంత పైకి లేచిందో ఆయన చూడలేదు.

తిరుగు దారిలో మొదటి తూము దిబ్బ దిగుతుంటే కింద టక్కుమంది.

"ఏంటది?"

"రాయి."

ఇంకో వంద గజాల్లో మళ్ళీ టక్కు. ఈసారి సీటు కిందనుంచి తన్నినట్టయింది. సత్యవతి తలుపు పట్టుకుంది. "గట్టు మీద రాళ్ళెక్కడివండీ?"

ఆయన బండి ఆపేశారు. లుంగీ ఎగగట్టి కిందకు దూరారు. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత చూశారు. షాకు నిలువునా సాగిపోయి ఉంది, ఇక అంగుళం కూడా వచ్చేలా లేదు. చక్రం కిందికి దిగాలని చూసినప్పుడల్లా ఇరుసు బరువంతా దానికే వేలాడుతోంది. పై బోల్టు పట్టుకున్న బ్రాకెట్టు వెల్డింగు పక్కన వెంట్రుకవాసి చీలిక. అది ఊడి చక్రానికి అడ్డం పడితే బండి ఎటు తిరుగుతుందో చెప్పలేం. పక్కా రోడ్డు ఇంకా మూడు కిలోమీటర్లు.

అప్పుడు గుర్తొచ్చింది మణిదీప్ అన్న మాట. 'నీళ్ళు ఉంచుతానంటేనే ఇవి.'

బయటికి వచ్చేసరికి సత్యవతి బండి దిగి, గట్టు మధ్యలో నిలబడి ఉంది. "చెప్పండి."

రాయే అనొచ్చు. కొత్త షాకు నకిలీదనొచ్చు. మణిదీప్‌దే తప్పనొచ్చు, ఆమె నమ్ముతుంది కూడా. ఆయన చేతులకంటిన మట్టి వైపు చూసుకున్నారు.

"నేనే తప్పు కొలిచాను. నీళ్ళు వదలమన్నాడు, వదల్లేదు. బరువు మీద తీసిన కొలత. ఇప్పుడు బరువు లేదు, అందుకని కింద పీక్కుంటోంది."

"ఆ అబ్బాయి చెప్పాడా ముందే?"

"చెప్పాడు. పొడవైనవి ఏలూరు నుంచి తెప్పిస్తానన్నాడు."

"చెప్పినా వినలేదా?"

"వినలేదు."

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో 'తప్పు' అన్న మాట ఆయన నోట విన్న గుర్తు ఆమెకు లేదు. "ప్రభువా" అని గొణిగింది. "బరువు ఉంటే ఫరవాలేదంటారా?"

"ఉంటే షాకు మధ్యకి వస్తుంది. అక్కడ లాగుడుండదు."

"మరి నీళ్ళకేం కరువండీ ఇక్కడ? రెండు పక్కలా చెరువులే కదా!"

ఆయన ఆమె వంక చూశారు. ఇంత తేలికైన సంగతి తనకు తట్టలేదు. మల్లికార్జునరావు గారికి ఫోను చేసి, వయసులో తనకన్నా చిన్నవాడైన మనిషికి జరిగిందంతా దాచకుండా చెప్పి, మోటారు అడిగారు. మల్లికార్జునరావు గారు ట్రాక్టరు మీద మోటారూ గొట్టమూ తెప్పించారు. తొట్టిలో నీళ్ళు చేరుతుంటే బండి వెనక భాగం మెల్లగా దిగింది. సత్యవతి వంగి చూస్తూ, "ఇంకా, ఇంకా... ఇప్పుడు రాడ్డు సగం లోపలికెళ్ళింది" అని చెబుతూ ఉంది. ముప్పాతిక నిండాక ఆపమంది.

ఆపాక కూడా వెంటనే ఎక్కలేదు. "మీరు మెల్లగా తోలండి. నేను రెండో తూము దాకా పక్కన నడుస్తాను. చప్పుడు రాకపోతే ఎక్కుతాను."

మనిషి నడక కన్నా నెమ్మదిగా తోలారు. అద్దంలో ఆమె చీర చెంగు, చక్రం వైపు పెట్టిన చెవి కనబడుతున్నాయి. ఎక్కకపోతే? ఇంత జరిగాక ఎక్కాలని అడిగే హక్కు తనకు ఎక్కడిది? రెండో తూము దిబ్బ వచ్చింది. ముందు చక్రాలు దిగాయి. వెనక చక్రాలు దిగాయి. కింద నిశ్శబ్దం.

తలుపు తెరుచుకుంది. సత్యవతి ఎక్కి కూర్చుని, కమిలిన భుజం సర్దుకుంది.

"పొడవైనవి రాగానే వేయించడానికి నేనూ వస్తానండీ. ఆ అబ్బాయి నీళ్ళు వదలమంటే కుళాయి నేనే తిప్పుతాను."

"రా" అన్నారాయన. "టేపు రెండో కొస నువ్వే పట్టుకుందువు గాని."