పట్టపగలు లైట్లేసుకుని నంద్యాలకు

పోయిన నెల మా అక్కను కాన్పుకు నంద్యాల ఆస్పత్రికి తీసకపోయినా గదా, ఆ బిడ్డ యాడ పుట్టబోయిందో తెలిస్తే మీరెవరూ మళ్లా నా కారెక్కరు! నవ్వకుండా వింటామంటే చెప్తా.

నా కారు మీకు తెలిసిందే. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు ఎత్తకపోయినప్పుడు ఒక ఆఫీసరు వదిలించుకుని పోయిన ముసలి బండి. దాన్ని నేను తప్ప ఇంకొకరు ముట్టకూడదు. డైనమో, బ్యాటరీ, బెల్టు, ఏదైనా సరే నా చేతులతోనే. అంత గీర నాకు!

ఆ పొద్దు మధ్యాహ్నం అన్నం తింటాండా. అక్క గోడ పట్టుకుని నిలబడింది. తొలి కాన్పుకని ఆళ్లగడ్డకు మా ఇంటికి వచ్చిండాది.

"ఒరే ఓబులేసూ, కారు తియ్" అన్యాది.

మంత్రసాని వచ్చి చూసింది. "బిడ్డ కాళ్లు కిందికి ఉండాయి. నా చేత కాదు, బేగా నంద్యాలకు ఎత్తకపోండి" అని చేతులు కడుక్కునింది. మా అమ్మ మొగంలో నెత్తురు చుక్క ల్యా. వెనక సీట్లో అక్కను పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని కూచుంది. పక్కింటి గాజుల అంగడి ఖాదరు సాయానికని ముందర ఎక్కినాడు.

ఊరు దాటి కొంచెం దూరం పోయినామో లేదో, ఖాదరు వేలు పెట్టి చూపించినాడు.

"అన్నా, ఈ ముల్లేంది, ఇట్ల పక్కకు వాలింది?"

చూస్తే అమ్మీటరు! ముల్లు ప్లస్ వైపుంటే డైనమో బ్యాటరీకి ఛార్జి ఎక్కిస్తాందని లెక్క. మైనస్ వైపుంటే బ్యాటరీ కారిపోతాందని. ముల్లు మైనస్‌లో ఉండాది! నా గుండె జారి బూట్లల్లో పడింది. బ్యాటరీ అయిపోతే ఇంజను ఆగిపోతాది. ఆ జొన్న చేన్ల నడుమ ఇంజను ఆగిపోతే అక్క గతేంది?

కారు నిలిపినా. ఇంజను మాత్రం ఆపల్యా. బానెట్ ఎత్తి చూస్తే బెల్టు బిగువుగానే ఉండాది. కటౌట్ అని ఒక చిన్న డబ్బీ ఉంటాది, డైనమోకూ బ్యాటరీకీ మధ్యన తలుపు మాదిరి. దాన్ని స్క్రూడ్రైవరు పిడితో టకటకా కొట్టినా. లోపలికొచ్చి యాక్సిలరేటరు తొక్కితే ముల్లు ఇంకా కిందికి పోయింది!

"నాయనా, ఏమైందిరా?" అమ్మ.

"ఏం ల్యామ్మా, ఏం ల్యా."

ఏం తోచక కనపడిన స్విచ్చులన్నీ నొక్కినా. లైట్లేసినానో లేదో, ముల్లు చెంగున ఎగిరి ప్లస్‌లోకి వచ్చింది! హారన్ కొడితే ఇంకా ఎగిరింది.

"దొరికిందప్పా రోగం!" అని అరిచినా. "యాడో తీగ వదులైంది. లైట్లేస్తే అది సర్దుకుంటాంది. మెల్లగ పోతే ప్లస్, బేగా పోతే మైనస్. అంతే ఖాదరూ, లైట్లేసుకుని మెల్లగ పోదాం!"

"నువ్వుండావు గాబట్టి సరిపోయిందన్నా" అన్యాడు ఖాదరు. నాకు రొమ్ము పొంగింది.

ఇంక చూడండి మా ఊరేగింపు! నెత్తిన ఎండ మండిపోతాంటే రెండు లైట్లూ వెలుగుతాండాయి. ముల్లు వాలినప్పుడల్లా నేను హారన్ కొడతాండా. ఖాదరు ముల్లు మీదనే కండ్లు పెట్టి "ప్లస్! ప్లస్!" అని పాట పాడతాండాడు. సైకిలు మీద పోయేటోడు మమ్మల్ని దాటుకుని, లోపలికి వంగి చూసి "ఏమన్నా, నీకప్పుడే పొద్దుమునిగిందా?" అని పోయినాడు.

"ఒరేయ్, ఎద్దులబండి కూడా మనల్ని దాటిపోతాందిరా!" అమ్మ ఏడుస్తాంది.

"బేగా పోతే ఛార్జి ఎక్కదమ్మా!"

వెనక అక్క పళ్లు బిగబట్టి మూలుగుతాంది. ఆ మూలుగు వినపడినప్పుడల్లా నా కాలు యాక్సిలరేటరు మీదికి పోతాంది, ముల్లు చూసి వెనక్కి వస్తాంది. నరకమంటే అదే.

శిరివెళ్ల దాటినాం. హారన్ కొడితే కప్ప గొంతు వచ్చింది. లైట్లు ఆముదం దీపాలైనాయి. ఇంజను రెండు దగ్గులు దగ్గి, ఆగిపోయింది.

స్టార్టరు నొక్కితే టక్ అన్యాది, అంతే. కారు ముందర హ్యాండిలు పెట్టి తిప్పినా. అరచేతులు బొబ్బలెక్కినాయి గానీ ఇంజను లేవల్యా. అమ్మ అహోబిలం నరసింహసామికి మొక్కుతాంది. అక్క ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు చేన్లో కలుపు తీస్తాండే ఆడోళ్లు, మొగోళ్లు కొడవండ్లు పారేసి పరిగెత్తుకుంటా వచ్చినారు.

"తొయ్యండప్పా, పుణ్యముంటాది!" అని వాళ్ల కాళ్లు పట్టుకున్నంత పని చేసినా.

అప్పుడు అక్క లేచి కూచుంది. మొగమంతా చెమట.

"ముందు ఆ లైట్లార్పు."

"అక్కా, లైట్లార్పితే ఛార్జి..."

"ఆర్పుతావా, దిగి నడిచి పోదునా?"

ఆర్పినా. అందరూ కలిసి తోసినారు. సెకండు గేరులో క్లచ్ వదిలినా. ఒకసారి ఎగిరింది, రెండుసార్లు ఎగిరింది, భుర్రుమని అందుకునింది! ముల్లు చూస్తే, నా తండ్రీ, అంతకుముందు ఎప్పుడూ లేనంతగా మైనస్‌లో పడిపోయింది.

"అక్కా, మైనస్!"

"ఖాదరప్పా, దానికి గుడ్డ కప్పు. వీడు దోవ చూడాల, ముల్లు గాదు" అన్యాది అక్క. "ఇంకొక మాట మాట్లాడినావంటే ఓబులేసూ, ఈడనే కంటా!"

ఖాదరు తన టోపీ తీసి అమ్మీటరుకు అడ్డం పెట్టి పట్టుకున్నాడు. నేను తొక్కినా. ఆ తొక్కడం ఎట్లాంటిదంటే, కారు భూమ్మీద ఉండాదో లేదో తెలియదు. ఇప్పుడాగుతాది, ఇదిగో ఆగుతాది అని ప్రాణం గొంతులో పెట్టుకుని తోలినా. నంద్యాల దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చింది. హారన్ కొడితే ఉన్న కాస్తా పోతాదేమోనని భయం. ఖాదరు కిటికీలోంచి సగం బయటికి వంగి "హోయ్! హోయ్! హట్!" అని అరిచిన అరుపుకు గొర్రెలే గాదు, కాపరి కూడా కాలవలోకి దూకినాడు.

ఆస్పత్రిలో అక్కను లోపలికి తీసకపోయినారు. అమ్మ వెనకాలే పోయింది. నేను మాత్రం దిగల్యా. ఇంజను ఆపితే మళ్లా లేస్తాదో లేదో, ఇంకా పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలంటే ఎట్లా? వాకిట్లోనే కూచుని భుర్రు భుర్రుమని తొక్కుతాండా. కొంతసేపటికి ఒక నర్సమ్మ బయటికి వచ్చింది.

"ఏందయ్యా ఆ మోత? లోపల ఆడబిడ్డ పుట్టింది, తల్లీ బిడ్డా బాగుండారు. ఆపు దాన్ని!"

ఆపినా. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చినా. ఏడ్చినానని చెప్పుకోడానికి నాకేం సిగ్గుల్యా.

ఇంక బ్యాటరీలో ప్రాణముండాదా అని లైటు స్విచ్చు నొక్కినా. ఎదురుగోడ మీద తెల్లటి వెలుగు పడింది! ఖాదరు టోపీ తీసినాడు. ముల్లు ప్లస్‌లో ఉండాది.

"చూసినావా అన్నా, మళ్లా ఛార్జి ఎక్కుతాంది!"

ఆ మాటకు నా తల గిర్రున తిరిగింది. ఇంజను ఆగిపోయిండాది. డైనమో తిరగడం ల్యా. మరి ఛార్జి యాడనుంచి వస్తాది?

మెల్లగ డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టినా. అంతకుముందు ఆదివారం అమ్మీటరు అద్దం దుమ్ము పట్టిందని ఊడబీకి, తుడిచి, మళ్లా బిగించింది నేనే. వెనక రెండు తీగలుంటాయి. దీనిది దానికి, దానిది దీనికి పెట్టిండా!

"అంటే అన్నా, మనం లైట్లేసుకుని మెల్లగ వచ్చినప్పుడు?"

"బ్యాటరీని పీల్చి పిప్పి చేసినాం."

"పరిగెత్తినప్పుడు?"

"అది నిండింది."

ఖాదరు టోపీ నెత్తిన పెట్టుకుని కారు దిగినాడు. ఆళ్లగడ్డకు బస్సులో పోయినాడు.

మీ చెవిన పడల్యా గానీ, ఊరంతా వాడే చెప్పినాడు! మొన్న సంతకాడ ఎవరిదో జీపు ఆగిపోయింటే "ఓబులేసన్నా, బేగా రా" అని పిలిచినారు. ఇంకా మనకు విలువుండాదిలే అని స్క్రూడ్రైవర్లు, పానాలు మూట కట్టుకుని పరిగెత్తినా. ఆ డ్రైవరు నా మూట తీసి పక్కన పెట్టి, "అవన్నీ ఎందుకులే అన్నా, నువ్వు వెనక్కి పోయి తొయ్యి" అన్యాడు.