అమ్మ పరధ్యానం

మా చిన్నప్పుడు... యానాంలో ఆ రోజు కూడా మామూలుగానే తెల్లారింది. నానమ్మ జపం చేసుకుంటోంది. నేను కుంపటి విసురుతున్నాను. ఫ్రెంచి దొరల కచేరీలో గుమాస్తా అయిన నాన్నగారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. అమ్మ ఒక చంకన బట్టలమూట, ఇంకో చంకన తమ్ముణ్ణి వేసుకుని ఏటిరేవుకి వెళ్ళింది. వాడికింకా పాకే వయసు.

కాసేపటికి తిరిగొచ్చింది. ఉతికిన బట్టలు దులిపి దండెం మీద ఆరేస్తోంది... ఒక్కొక్కటీ... ముడత లేకుండా.

"తమ్ముడేడమ్మా?" అన్నాను.

నేనేం అడిగానో తెలియనట్టు చూసింది.

అంతలో చేపలమ్మే సత్యమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతుల్లో తమ్ముడు... నడుం దాకా తడిసి.

"ఏటమ్మగారూ, గుడ్డలు గుర్తున్నాయి గానీ పిల్లోడు గుర్తులేడేటండీ? కింది మెట్టు మీద కూచోబెట్టి వచ్చేసేరు. పోటొచ్చి నీళ్ళు మెట్టెక్కేసినియ్యండి. నే సూడకపోతేనా..."

అమ్మ చేతిలోని చీర మట్టిలో పడింది.

అంతకుముందు వానాకాలంలోనే మా చెల్లి జ్వరంతో పోయింది. అప్పటినుంచీ అమ్మ అంతే... ఎసరు పెట్టేది, బియ్యం పోసేది కాదు. దీపం వెలిగించి, అగ్గిపుల్ల వేళ్ళు కాల్చేదాకా అలాగే పట్టుకునేది.

సాయంత్రం నానమ్మ అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి అమ్మ మతిమరుపు సంగతి ఎత్తింది. నాన్నగారు నెమ్మదిగా అన్నారు... "మతిమరుపు కాదమ్మా. ఇలాంటివాళ్ళని మా కచేరీలో దొరలు 'దిస్త్రే' అంటారు. ఇంగ్లీషులోనూ ఆ మాట ఉందిట. దిగులు మనసుని పట్టుకుపోతుంది, మనిషి మాత్రం ఇక్కడుంటుంది. మనం పరధ్యానం అంటామే, అది."

"అర్థం బాగానే చెప్పేవురా అబ్బాయ్. ఆ మాట అడ్డుపడి పోటు ఆపుద్దేంట్రా?" అంది నానమ్మ.



ఇప్పుడైతే అలాంటి మనసుకి మందుంది... కనీసం "ఎలా ఉన్నావు" అని అడిగేవాళ్ళున్నారు. అప్పుడు మాకున్నది ఒక్క మాట. ఈనాటికీ పూజలో కళ్ళు మూసుకుంటే నాకు ఆ దండెమే కనిపిస్తుంది. మీ ఇళ్ళల్లోనూ అలాంటి అమ్మ ఉండి ఉంటే... చెప్పండి, వింటాను.

ఆ సాయంత్రం తేలింది ఇదీ... తమ్ముణ్ణి మెట్టకూరులో పిల్లల్లేని మా పెద్దమ్మకి ఇచ్చేయాలి. నేను బడి మానేసి అమ్మని కనిపెట్టుకుని ఉండాలి. అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. ఆరిన తమ్ముడి చొక్కాలు మూట కట్టమన్నారు... కట్టింది.

ఒక్కటీ మరిచిపోలేదు.