చావింటి ఉప్మా

మా వీధిలో ఎవరింట్లో మనిషి పోయినా ఉప్మా మా హోటల్ నుంచే వెళ్ళేది. పేరుకి హోటల్ అంటున్నాను గానీ, నరసాపురంలో పంటు రేవుకి వెళ్ళే దారిలో, మా ఇంటి ముందుగదిలో నడిచే టిఫిన్ కొట్టు అది. ఇంకా చీకటి ఉండగానే చేపల వేటకెళ్ళేవాళ్ళు వచ్చి టీ తాగేవారు. వాళ్ళు వెళ్ళాక చేపల తట్టల ఆడవాళ్ళు, ఆ తర్వాత పంటు ఎక్కి గోదావరి దాటే టీచర్లు, గుమాస్తాలు, లేసు పనికి వెళ్ళే అమ్మాయిలు, చర్చి పేటవాళ్ళు వచ్చేవారు. ఎండెక్కేసరికి ఇడ్లీ అయిపోయేది. పెసరట్టు మాత్రం ఏ వేళలో అడిగినా మా ఆయన కాదనేవారు కాదు.

ఉప్మా అలవాటు కూడా ఆయనదే. కొట్టు పెట్టిన కొత్తల్లో ఎదురింటి పెద్దాయన పోయారు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా. ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు, చంటిపిల్లల తల్లులు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళతో కూర్చున్నారని తెలిసి, ఆయన కొట్లో ఉన్న రవ్వంతా ఉప్మా చేసేశారు. గిన్నె భుజాన పెట్టుకుని వెళ్ళి, స్వయంగా వడ్డించి వచ్చారు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారట. తర్వాత వెనక వీధిలో ఒకరింటికి, ఆ తర్వాత చర్చి పేటలో ఒకరింటికి. చర్చి పేటలో పొయ్యి వెలిగించకూడదన్న పట్టింపు లేదు గానీ, వెలిగించే ఓపిక మాత్రం ఆ పూట ఎవరికుంటుంది.

చావింటి ఉప్మాకి ఆయన పద్ధతి వేరు. ఉల్లిపాయ ఉండదు, జీడిపప్పు ఉండదు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, అంతే. నీళ్ళు ఎక్కువ పోసి జారుగా దింపేవారు. "ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతులవి. పొడిపొడిగా ఉంటే దిగదు" అనేవారు. "బతికున్నవాళ్ళకి కూడా ఇంత శ్రద్ధగా చేస్తే మనం ఈపాటికి ఇంకో కొట్టు పెట్టేవాళ్ళం" అని నేను ఆటపట్టించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఇదివరకు వీధిలో ఎవరైనా పోతే ఏ సాయంత్రానికో ఇంటికో గిన్నె వచ్చేదట. మా ఉప్మా మొదలయ్యాక అందరూ మెల్లగా మానేశారు. వాళ్ళని అనడానికి లేదు, హోటల్ వాళ్ళు పంపుతారు కదా అన్న ధీమా. చావు కబురు పురోహితుడి కన్నా, పాస్టరు గారి కన్నా ముందు మాకే వచ్చేది.

మా ఆయన కిందటి వానాకాలంలో పోయారు. అట్టు తిప్పుతూ తిప్పుతూ చేతిలో అట్లకాడ అలాగే ఉండగా కిందకి జారిపోయారు. ముందు నేను చేసిన పని పొయ్యి ఆపడం. పెనం మీద అట్టు మాడుతోంది, ఆ వాసనకి తినేవాళ్ళు ఇబ్బంది పడతారని తోచింది. తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు, అదే ఆటోలో వెనక్కి తీసుకొచ్చారు. కొబ్బరి చట్నీ బయట ఉండిపోయింది, పులిసిపోతుంది అనుకుంటూ వచ్చాను దారంతా.

నాకు ఏడుపు రాలేదు. రావడం లేదన్న బాధ కూడా లేదు.

మా ఆడపడుచు విశాఖపట్నం నుంచి రావాలి. అందాకా ఉంచడానికి ఐస్ పెట్టె తెప్పించారు. పడవలవాళ్ళు వచ్చి టెంటు వేశారు. చర్చి పేట కుర్రాళ్ళు ప్రార్థనలకి వాడే ప్లాస్టిక్ కుర్చీలన్నీ మోసుకొచ్చారు. ఎవరో ఆయన ఆధార్ కార్డు ఫొటో పెద్దది చేయించి, వీధి మొగలో ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయన ఎవరినో తిట్టబోతున్నట్టు ఉన్నారు. బతికుండగా ఎవరినీ తిట్టని మనిషి. ఇన్ని పనులు ఎవరూ చెప్పకుండానే జరిగిపోయాయి. మా వీధిని మెచ్చుకోవాలనే ఉంది నాకు, తిండి సంగతిలో తప్ప.

మధ్యాహ్నం అయింది. అదీ దాటింది. టెంటు కింద జనం పెరుగుతున్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళు తలలు పట్టుకుని కూర్చున్నారు. మాటిమాటికీ అందరి చూపులూ మా కొట్టు తలుపు వైపు వెళ్ళడం గమనించాను. ఎందుకో అర్థం కాలేదు.

చేపలమ్మే వాళ్ళలో అందరికన్నా పెద్దావిడ ఒకామె ఉంది. మొగుడు ఎప్పుడో సముద్రంలో పోయాడు. ఆవిడ ఐస్ పెట్టె కాళ్ళ వైపు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, పక్కామెని అడిగింది.

"ఏంటే, ఇంత పొద్దెక్కినా హోటల్ నుంచి ఉప్మా రాలేదు?"

పక్కామె తలుపు వైపు చూసింది. తర్వాత ఐస్ పెట్టె వైపు చూసింది. ఆవిడ మాట అక్కడున్న అందరికీ వినబడింది. ఏడ్చేవాళ్ళు కూడా ఆగిపోయారు.

అప్పుడు తెలిసింది అందరికీ. పొద్దుటి నుంచీ వీధి వీధంతా మా ఉప్మా కోసం ఎదురుచూస్తోంది. ప్రతి ఇంట్లోనూ, మనకెందుకు, హోటల్ నుంచి వస్తుందిలే అనుకున్నారు. నాకు నవ్వొచ్చినట్టయింది, కానీ పైకి రాలేదు. ఈ సంగతి ఆయనకి చెప్తే ఎంత నవ్వుతారో అనుకున్నాను. అలా అనుకున్నప్పుడు కూడా నాకేం కాలేదు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. కాసేపటికి ఇంటికో గిన్నె వచ్చింది. ఒకటి పల్లీలతో, ఒకటి ఉల్లిపాయలతో, ఒకటి అడుగంటి, ఒకటి ఉప్పు లేకుండా. ఆ ఇళ్ళల్లో ఇంతమందికి వండే అలవాటు ఎక్కడిది. చర్చి పేట నుంచి వచ్చిన గిన్నెని మా చుట్టాల్లో కొందరు ముట్టుకోలేదు, కొందరు రెండోసారి పెట్టించుకున్నారు. మా వదిన ఒక ముద్ద తెచ్చి నా నోట్లో పెట్టింది. పొడిగా ఉంది, దిగలేదు. మంచినీళ్ళు తాగాను.

దినకార్యాలన్నీ అయ్యాయి. నాకు చెయ్యాల్సినవన్నీ చేశారు, తియ్యాల్సినవన్నీ తీశారు. చెయ్యి చాపమంటే చాపాను. మాకు పిల్లలు లేరు. చుట్టాలంతా వెళ్ళిపోయాక మా అన్నయ్య ఒక్కడే ఉండిపోయాడు. పాలకొల్లులో తన ఇంటికి తీసుకెళ్ళాలని అతని ఉద్దేశం.

"కొట్టు అద్దెకిచ్చేద్దాం. సెల్ ఫోన్ షాపు పెట్టుకుంటానని ఒకతను అడిగాడు" అన్నాడు.

నేను కొట్టు తలుపు వైపు చూశాను.

"నువ్వు నడపలేవని కాదు. వండటం నీకు రాదా ఏంటి? నేను ఆలోచించేది వేరే. నీకు మొదటి బేరం వేటకెళ్ళేవాళ్ళు. తెల్లారగట్ట సముద్రం మీదకి వెళ్తూ, నీ మొహం చూసి, నీ చేత్తో టీ తాగి వెళ్తారా? వాళ్ళు రాకపోతే మిగతావాళ్ళూ రారు. అప్పుడు నువ్వు బాధపడతావు."

అన్నయ్య చెడ్డవాడు కాదు. ఉన్నమాట చెప్పాడు. ఆ సంగతి నాకూ తెలుసు. చేపలమ్మేవాళ్ళలో మొగుడు పోయిన ఆడవాళ్ళు, వేటవాళ్ళు టీ తాగి వెళ్ళేదాకా పక్క సందులో తట్టలు దించుకుని ఆగేవారు. ఆగమని ఎవరూ చెప్పగా నేను వినలేదు. వాళ్ళంతట వాళ్ళే ఆగేవారు. ఆ పెద్దావిడ కూడా అక్కడే నిలబడేది. నేను కొట్లోంచి ఆ సందు వైపు చూసి, ఇక ఇడ్లీ వాయి దించొచ్చు అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు సందు ఎక్కడుంది? కొట్టే నాది. పొయ్యి ముందు నిలబడాల్సింది నేనే.

"సరే అన్నయ్యా, నీ ఇష్టం" అన్నాను. అంటుంటే ఏమీ అనిపించలేదు.

ఆ సాయంత్రమే ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకరు చేపలమ్మే పెద్దావిడ. ఒకరు ఎదురింటి లేసు పని ఆవిడ. మూడో ఆమె చర్చి పేట నుంచి వచ్చి మా కొట్లో పిండి రుబ్బి, చట్నీలు చేసే మనిషి. ముగ్గురూ గుమ్మంలోనే నిలబడ్డారు. లోపలికి రమ్మంటే వచ్చి కింద కూర్చున్నారు.

లేసు పని ఆవిడ మొదలుపెట్టింది. "మేమంతా ఒక మాట అనుకున్నామండి. ఇకమీదట ఎవరింట్లో ఏం జరిగినా మేమే వంతులేసుకుని వండుకుంటాం. మీరు ఇంకా ఆ భారం పెట్టుకోవద్దు."

ఎంత మంచి మాట. ఎంత మెత్తగా చెప్పింది. అది వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన పోయిన రోజు నుంచీ నాకేదైనా అనిపించడం అదే మొదలు.

"నా చేతి వంట వద్దా మీకు?" అన్నాను.

"అయ్యో, అదేం మాటండి."

"మరి ఇంకేం మాట? చావింటికి కూడా పనికిరాదా నా చెయ్యి? అన్నయ్య చెప్పాడులే, మీరూ చెప్పండి."

లోపల అన్నయ్య దగ్గాడు. పిండి రుబ్బే ఆమె తల దించుకుంది. లేసు పని ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దావిడ మాత్రం నా వైపే చూస్తూ ఉంది.

"నీ చెయ్యి కాదమ్మా, మా సిగ్గు" అంది. "ఆ మనిషి శవం ముందు కూర్చుని ఆయన వంట కోసమే చూశాం. ఆ మాట అడిగింది నేనే కదా. అప్పటి నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. మాకూ చేతులున్నాయి కదా అని వచ్చాం."

అప్పుడు నేను అడగాల్సింది అడిగాను. అది ఆవిడని తప్ప వేరే వాళ్ళని అడగలేను.

"కొట్టు తెరిస్తే వేటవాళ్ళు వస్తారా?"

"వచ్చేవోడు వస్తాడు. రానోడు రాడు" అంది. వస్తారని చెప్పలేదు. నన్ను ఊరడించడానికైనా చెప్పలేదు. అందుకే ఆవిడ మాట నమ్మాను.

"వండేది నేనే" అన్నాను. "గిన్నె మొయ్యలేను. అది మీరు మొయ్యండి. మీలో ఎవరైనా వచ్చి పక్కన నిలబడి నేర్చుకుంటానంటే నేర్చుకోండి. ఆ రోజు మీరు తెచ్చినట్టు మాత్రం ఎవరింటికీ తీసుకెళ్ళకండి."

లేసు పని ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. మర్నాడు అన్నయ్య పాలకొల్లు బస్సెక్కాడు. కోపంగానే వెళ్ళాడు. దిగాక ఫోన్ చేసి గ్యాస్ బండ ఉందా అని అడిగాడు.

మంగళవారం వద్దని అందరూ అంటే బుధవారం తెరిచాను. షట్టరు నేనూ పిండి రుబ్బే ఆమే కలిసి ఎత్తాం. అది కిర్రుమంటే వీధంతా వినబడుతుంది. పొయ్యి వెలిగించి, పాలు పెట్టి నిలబడ్డాను. రోడ్డుకి అవతల, మూసి ఉన్న ఎరువుల కొట్టు అరుగు దగ్గర వేటవాళ్ళు ఉన్నారు. చీకట్లో బీడీల నిప్పు కనబడుతోంది. రోజూ ఈపాటికి ఇక్కడ కేకలు, నవ్వులు. ఎవరూ రోడ్డు దాటలేదు. పాలు పొంగితే మంట తగ్గించాను. టీ కాచాను. అది మరుగుతూనే ఉంది.

బోటు నడిపే సరంగు ఒకాయన ఉన్నాడు. మా ఆయనతో రోజూ పేచీ పెట్టుకునేవాడు, టీ పల్చనయిందని. ఆయన పోయిన రోజు టెంటు రాటలు పాతింది కూడా అతనే. చివరికి అతను కదిలాడు. రోడ్డు దాటి వచ్చాడు. కొట్టు దాకా వచ్చి, గుమ్మం ముందు ఆగి, అటు తిరిగి నిలబడ్డాడు. వీపు నా వైపు, మొహం రోడ్డు వైపు. చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు.

"ఒక టీ ఇవ్వమ్మా" అన్నాడు.

గ్లాసు ఆ చేతిలో పెట్టాను. అటే తిరిగి తాగాడు.

"పంచదార సరిపోయిందా అన్నయ్యా?"

"సరిపోయిందమ్మా" అని రోడ్డుకి చెప్పాడు.

అతను తాగడం చూసి మిగతావాళ్ళూ వచ్చారు. అందరూ అలాగే. ఎన్నో ఏళ్ళుగా ఎదురుగా కూర్చుని తిన్నవాళ్ళు, నన్ను వదినా, అక్కా అని పిలిచినవాళ్ళు వరసగా వీపులు పెట్టి నిలబడ్డారు. చేతులు మాత్రం వెనక్కి వచ్చేవి, గ్లాసులు అందుకునేవి, ఖాళీ గ్లాసులు ఇచ్చేవి. టీ ఎవరూ మిగల్చలేదు. వెళ్తూ ఒకరిద్దరు, వస్తామమ్మా అని చెప్పి మరీ వెళ్ళారు. ఆ చెప్పడం కూడా రేవు వైపు చూస్తూనే.

వాళ్ళు వెళ్ళాక లోపలికి వెళ్ళి రవ్వ బస్తా మీద కూర్చున్నాను. కోపం వచ్చింది. వాళ్ళు రానందుకు కోపం వస్తుందనుకుని సిద్ధపడ్డాను గానీ, ఇలా వస్తారనుకోలేదు. ఈ కోపం ఎవరికి చెప్పుకోవాలి? ఏవండీ, చూశారా మీవాళ్ళ నిర్వాకం అని చెప్పుకోవాల్సిన మనిషి లేరు. అది అప్పుడు తెలిసింది. ఆయన పోయినందుకు నేను మొదటిసారి ఏడ్చింది ఆ బస్తా మీద. చాలాసేపు ఏడ్చాను. పిండి రుబ్బే ఆమె ఇడ్లీ వాయి ఆమే దించుకుంది, నన్ను పిలవలేదు.

మర్నాడు తెల్లారకముందే లేచి, లోపలున్న బల్ల ఒకటి గుమ్మం బయటికి లాగి, రోడ్డు వైపు తిప్పి వేశాను. పాపం, నిలబడి తాగుతున్నారు. ఇప్పుడు కూర్చుని తాగుతున్నారు.