రెండోసారి రాసిన పేరు

కొచ్చిన్ నుంచి వచ్చిన యూదు లేఖకుడొకాయన మా వీధిగది అడిగితే, మిషను బడి పంతులైన మా నాన్నగారు మారు మాట లేకుండా తాళం తీశారు. మోషే భాష రాసే మనిషి మన గుమ్మం తొక్కడమా అని ఆయన మురిసిపోయారు. అమ్మకు మాత్రం తోలు వాసనే తెలిసింది.

తుఫానులో ఓడలోకి నీళ్లొచ్చి, తోళ్లు కలిపి కుట్టిన వాళ్ల ధర్మశాస్త్రపు చుట్టలో ఒక తోలు పాడైందిట. ఒక్క అక్షరం చెడినా చుట్టంతటినీ ప్రార్థనలో చదవకూడదు. కాకినాడ రేవు నుంచి ఓడ కదిలేలోగా ఆ తోలు తిరగరాయాలి. ఉప్పుగాలి తగలని చోటని రాజమండ్రి వచ్చారు.

నేను కోర్టులో నకళ్లు రాసే గుమాస్తాను. ఆయన కుడినుంచి ఎడమకు రాస్తారు, ప్రతి మాటా పైకి అనుకుని గానీ రాయరు. దేవుడి పేరు దగ్గర మాత్రం కలం ఆపి, ఏదో గొణిగి, పలక్కుండా రాస్తారు. మా చర్చిలో గొంతు చించుకుని పాడే పేరది!

“ఆ పేరు రాస్తుండగా కలెక్టరుగారు పలకరిస్తేనో?” అన్నాను.

“రాజు పలకరించినా పలకకూడదండి.”

“మా ఆఫీసులో కునికేవాళ్లూ అంతేనండి.”

నా పరాచికాలకు నవ్విన పెద్దమనిషి ఆయనొక్కరే.

మర్నాడు కాకినాడ పడవనగా, ఆయన గోదావరి స్నానానికెళ్లారు. పూర్తయిన తోలు బల్లమీద ఉంది. వంగి చూశాను. ఆ లిపి నాకు రాదు. తప్పు పట్టడానికి భాషెందుకు? ఒకే మాట, అవే నాలుగక్షరాలు, పక్కపక్కనే రెండుసార్లు! నకళ్లలో రోజూ చూసే పొరపాటే. చాకు తీసి ఒకటి గీకేశాను. మచ్చ లేకుండా గీకడంలో మా ఆఫీసులో నా తర్వాతే ఎవరైనా.

ఆయన రాగానే సంతోషంగా చెప్పాను. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“ఏది తీశారు? మొదటిదా, రెండోదా?”

“మేం రాసేవైపు నుంచా, మీరు రాసేవైపు నుంచా అండి?” పుట్టి బుద్ధెరిగాక, పరాచికం కాకుండా నేనడిగిన మొదటి ప్రశ్న అది.

వేలు పెట్టి చూపించాను. రెండోది.

“ఆ పేరు అక్కడ రెండుసార్లు ఉండాలండి. మనిషి తప్పు చేయకముందు ఉండే దేవుడు మొదటిది. తప్పు చేశాక కూడా ఉండే దేవుడు రెండోదని మా పెద్దలంటారు.”

“మళ్లీ అక్కడే రాయకూడదాండి?”

“రాయొచ్చనేవాళ్లున్నారు. నా చెయ్యి ఒప్పుకోదు.” బల్లమీదికి వంగి, “గీకిన పొడి ఏదండి? ఆ పేరున్నదేదీ పారేయకూడదు, తోలుతోపాటు పాతిపెట్టాలి” అన్నారు.

“ఊదేశానండి.”

ఆయన బల్ల చూశారు, నేల చూశారు, నా మొహం చూశారు. తర్వాత మోకాళ్లమీద వంగి వెతకడం మొదలుపెట్టారు.

ఓడ వెళ్లిపోయింది. తోలు మా పెరట్లో పాతాం. ఆయన కొత్త తోలు మీద మళ్లీ గీతలు గీసుకున్నారు. పొడి దొరకలేదు.

పొడిమీదికి వంగి ఊదబోయే ముందు గట్టిగా గాలి పీల్చుకుంటాం కదా. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు దగ్గొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత దానివంక చూసుకుంటున్నాను. క్షయేమోనని అమ్మ కషాయం కాస్తోంది.