ఏమంటారు గారు

ఆయనకు సొంతంగా ఒక్క మాట కూడా రాదని, దారిన పోయేవాళ్ళ నోళ్ళలోంచి మాటలు ఏరుకుని సినిమాల్లో అతికిస్తాడని స్టూడియోలో చెప్పుకునేవారు. చెప్పుకోరూ మరి! ఎదురుపడ్డ ప్రతి మనిషినీ ఆపి "మీరైతే ఏమంటారు?" అని అడిగే రచయితను వాళ్ళెక్కడా చూడలేదు. అసలు పేరు తెరమీద సరిగా పడిందీ లేదు కాబట్టి ఆయనకు "ఏమంటారు గారు" అన్న పేరే స్థిరపడిపోయింది.

ఆరు సినిమాలు రాశారు. మూడింట్లో పేరు వేయలేదు, రెండింట్లో వేరేవాడి పేరు వేశారు, ఒకదాంట్లో జనం లేచి వెళ్ళిపోయాక వేశారు. ఆ కడుపుమంటతో నాలుగు పుస్తకాలు రాశారు. అవీ అమ్ముడుపోక బ్లాగు మొదలుపెట్టారు. చదివేవాళ్ళు నలభైమంది. "అందులో సగం మీరే," అనేవారు ఆయన భార్య.

ఒకసారి పంటి డాక్టరు దగ్గర కుర్చీలో వెల్లకిలా పడుకుని, డాక్టరు పటకారు అందుకునేలోగా అడిగారు.

"డాక్టరుగారూ, చెడ్డ పన్ను ఉంచి మంచి పన్ను పీకేశారనుకోండి. రోగితో ఏమంటారు?"

డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఆ సంగతి మీకెవరు చెప్పారు?"

ఏమంటారు గారు ఆ నొప్పి పన్నుతోనే ఇంటికి తిరిగొచ్చారు.

ఇంకోసారి భార్యనే అడిగారు. "ఇలాంటి మొగుణ్ణి ఇరవయ్యేళ్ళు భరించిన మనిషి, చివరికి ఏమంటుంది?"

"పాలు పొంగిపోతున్నాయి, లేవండి అంటుంది."

అదే మాట సినిమాలో పెట్టారు. ఆ సినిమా మొత్తం మీద చప్పట్లు పడింది దానికొక్కదానికే. పేరు పడని మూడింట్లో అదొకటి.

టైపు అమ్మాయి ఆయన దగ్గర చేరి రెండేళ్ళయింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల. అవునన్నా కాదన్నా తలతోనే చెప్పేది. ఆయన చెబుతుంటే టైపు చేయడం, బ్లాగులో పెట్టడం ఆమె పని. సినిమాలు లేకపోయినా ఆయన బ్లాగు కోసం సీన్లు రాసేవారు, ప్రతి సీన్లోనూ ఒకచోట ఆగిపోయేవారు. "అమ్మాయ్, ఇక్కడ నాకేమీ తోచట్లేదు. నువ్వైతే ఏమంటావు?" ఆమె నేలచూపులు చూసేది. ఆమె చెప్పేదాకా ఆయన కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కునేవారు. ఆ గోళ్ళ మీద జాలితోనే ఆమె నోరు విప్పడం నేర్చుకుంది.

మూడేళ్ళు ఖాళీగా కూర్చున్నాక ఆయనకు మళ్ళీ ఒక సినిమా దొరికింది. ఇది కూడా చేజారితే ఇంకెవరూ పిలవరని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇల్లు గడవక తల్లి కూతురి చదువు మాన్పించే సీను దాకా వచ్చారు.

"రేపట్నుంచి బడికి వద్దంటే ఆ పిల్ల ఏమంటుంది?"

ఆమె టైపు చేయడం ఆపింది. "ఏమీ అనదు సార్. పుస్తకాల మీద తన పేరున్న చీటీలు పీకేసి, అవి చెల్లికిచ్చేసి, 'నీళ్ళు పట్టుకురానా అమ్మా' అంటుంది."

ఆయన అందులో ఒక్క అక్షరం మార్చలేదు. నిర్మాత మాత్రం తన ఆఫీసులో అందరి ముందూ మొత్తం మార్చమన్నాడు.

"ఏడుపేదయ్యా? నాకు రెండు పేజీల ఏడుపు కావాలి!"

ఏమంటారు గారు వెనక్కి తిరిగారు. తలుపు పక్కన కాగితాలు పట్టుకుని ఆమె నిలబడి ఉంది. "అమ్మాయ్, నువ్వేమంటావు?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఆ పిల్ల ఏడవదండీ."

"ఎందుకేడవదు?"

"ఏడిస్తే అమ్మ చూస్తుందండీ."

దర్శకుడు నవ్వడం మానేసి టీకప్పులోకి చూశాడు. నిర్మాత మానలేదు. "అమ్మ చూస్తే నాకేంటి? టిక్కెట్టు కొన్నవాడు చూడాలి! రాస్తే రాయి, లేకపోతే రాసేవాళ్ళు బయట బోలెడుమంది."

"ఉన్నారు. ఇందాకే మెట్ల మీద ఇద్దరు కనిపించారు," అని ఏమంటారు గారు లేచారు.

మెట్లు దిగుతూ ఆమె కళ్ళు తుడుచుకుంది. "మార్చి ఇచ్చెయ్యాల్సింది సార్. నా వల్ల సినిమా పోయింది."

"సినిమాకేం, నిక్షేపంలా ఆడుతుంది. పోయింది నేనే."

ఆయన అన్నట్టే అయింది. తెరమీద ఆ పిల్ల నాలుగు నిమిషాలు ఏడ్చింది, జనమూ ఏడ్చారు, ఆ ఏడుపు రాసినవాడికి బహుమతి కూడా ఇచ్చారు. ఏమంటారు గారు తన సీను బ్లాగులో పెట్టించారు. ముప్ఫై ఒక్కమంది చదివారు. ఆయన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు. "టైపు పిల్ల మాట రాసి మునిగాడు" అని స్టూడియోలో పాత పుకారుకు కొత్త తోక తగిలించారు.

మిగతా సీన్లు కూడా కలిపి పుస్తకం వేద్దామని, ఆయన భార్య బీరువాలోంచి ఆయన చేతిరాత నోటుపుస్తకం తెచ్చి టైపు అమ్మాయికిచ్చారు. ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఏమీ తోచట్లేదని ఆయన ఆగిపోయిన ప్రతిచోటా ఆయన సొంత మాట ఒకటి రాసి ఉంది, పక్కన తేదీ ఉంది, మీద అడ్డంగా ఒక గీత ఉంది. తేదీలన్నీ ఆమెను అడగడానికి వారం, పది రోజుల ముందువి. బడి మాన్పించే సీన్లో, ఆయన రాసుకున్న మాటల్లో ఆ పిల్ల తల్లితో అంటోంది: "రేపొక్కరోజు వెళ్ళొస్తానమ్మా, పరీక్షుంది."

అలాంటి మాటలు అరవై రెండున్నాయి. ఆమె రెండుసార్లు చదివింది. తను చెప్పినవాటికంటే బాగున్నవి అందులో పదకొండు.